మీ లీజులో మిగిలింది 83 ఏళ్ళు కాదు, 81: స్లౌ ఫ్లాట్ లీజు పొడిగింపు గురించి

నమస్తే అండీ. మీ ప్రశ్న, దాంతోపాటు మీరు పెట్టిన ల్యాండ్ రిజిస్ట్రీ కాపీ రెండూ నిదానంగా చూశాను. అన్నిటికంటే ముందు ఒక తప్పు సరిచేయాలి. మిగతా లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది. మీ లీజులో మిగిలింది 83 ఏళ్ళు కాదు. ఈ 2025 నవంబర్ నాటికి 81 ఏళ్ళ 4 నెలలు.

తర్వాత చదివేవాళ్ళకి అర్థం కావడానికి మీ పరిస్థితి ఇక్కడ క్లుప్తంగా రాస్తున్నాను. ఇంగ్లండ్‌లోని స్లౌలో రెండు బెడ్‌రూముల లీజ్‌హోల్డ్ ఫ్లాట్, అంటే భూమి మనది కాకుండా ఇన్నేళ్ళని లీజుకి కొన్నది. 2017లో భార్యాభర్తలు ఇద్దరి పేరు మీదా కొన్నారు. ఇవాళ్టి ధర సుమారు 2,80,000 పౌండ్లు. మొదటి ఓనర్‌కి 2010 జనవరిలో 99 ఏళ్ళ లీజు ఇచ్చారు. గ్రౌండ్ రెంట్, అంటే భూమి యజమానికి ఏటా కట్టే అద్దె, ఏడాదికి 150 పౌండ్లు, ప్రతి 25 ఏళ్ళకీ రెట్టింపు అవుతుంది. ఈ మధ్య ఫ్రీహోల్డర్ (భూమికీ బిల్డింగ్‌కీ అసలు యజమాని) తరఫు ఏజెంట్ ఉత్తరం రాశాడు: 8,500 పౌండ్లు కడితే లీజు 125 ఏళ్ళకి పెంచుతాం, 28 రోజుల్లో జవాబివ్వండి అని. ఒక ఫ్రెండ్ సంతకం పెట్టెయ్యమన్నారు. ఇంకొకరు కొత్త చట్టంలో 990 ఏళ్ళు వస్తాయి, ఆగమన్నారు. మీరేమో 2027 చివర్లో పిల్లల చదువుల కోసం హైదరాబాద్ వెళ్ళిపోయి, ఫ్లాట్ అద్దెకివ్వాలని అనుకుంటున్నారు. సంతకం పెట్టాలా, ఆగాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడు ఆ తేదీ సంగతి. మీరు పెట్టిన రిజిస్టర్ కాపీలో లీజు వివరాలున్న చోట చూడండి. ఒక లైనులో "తేదీ: 2010 జనవరి 14" అని ఉంది. దాని కిందే "కాలం: 2008 మార్చి 25 నుంచి 99 ఏళ్ళు" అని ఉంది. మీరు మొదటి లైను చూసి లెక్కపెట్టారు. గడియారం నడిచేది మాత్రం రెండో లైను ప్రకారం. బిల్డర్లు బ్లాక్ మొత్తానికి ఒకే ప్రారంభ తేదీ పెట్టుకుంటారు, ఫ్లాట్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా అమ్ముడవుతాయి. మార్చి 25 ఇంగ్లండ్‌లో పాతకాలం నుంచీ అద్దెలు కట్టే నాలుగు తేదీల్లో ఒకటి, లీజుల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. మొదటి ఓనర్ ఇంట్లో దిగేసరికే 22 నెలలు కరిగిపోయాయి. కొన్నప్పుడు ఎస్టేట్ ఏజెంట్ చెప్పిన అంకెనే పట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు నాకు ప్రతి నెలా ఎదురవుతారు. కాబట్టి మీ లీజు ముగిసేది 2107 మార్చి 24న. దానికి 80 ఏళ్ళ ముందు అంటే 2027 మార్చి 24 (80 ఎందుకో కింద చెబుతాను). ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. మీ చేతిలో మూడేళ్ళకు పైగా ఉందనుకున్నారు, ఉన్నది 16 నెలలు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొన్న అలవాటుతో వచ్చిన మనవాళ్ళకి ఈ లీజు పద్ధతి మింగుడుపడదు. అక్కడ ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌లోనే భూమిలో మన వాటా, అదే యూడీఎస్, ఇన్ని గజాలు అని రాస్తారు. బిల్డింగ్ పాతబడి కూలగొట్టినా ఆ గజాలు మనవే. ఇంగ్లండ్, వేల్స్‌లలో మామూలు లీజ్‌హోల్డ్ ఫ్లాట్‌కి అలా వాటా ఉండదు. భూమి, గోడలు, కప్పు ఫ్రీహోల్డర్‌వి. మనం కొన్నది ఫలానా తేదీ దాకా అందులో ఉండే హక్కు. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ మన చేతిలో ఉన్నదాని విలువ తరుగుతుంది, ఫ్రీహోల్డర్ చేతిలో ఉన్నదాని విలువ పెరుగుతుంది. మార్ట్‌గేజ్ కట్టేస్తే ఇల్లు మనదైపోతుంది అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. (స్కాట్లండ్‌లో పద్ధతి వేరు, ఎడిన్‌బరో, గ్లాస్గో వాళ్ళకి ఈ జవాబు వర్తించదు.)

మరి 80 ఏళ్ళ దగ్గర ఏముంది? 1993 నాటి లీజ్‌హోల్డ్ రిఫార్మ్, హౌసింగ్ అండ్ అర్బన్ డెవలప్‌మెంట్ యాక్ట్ ప్రకారం ఫ్లాట్ ఓనర్‌కి లీజు పొడిగించుకునే హక్కు ఉంది. మిగిలిన కాలానికి 90 ఏళ్ళు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ "పెప్పర్‌కార్న్"కి, అంటే మిరియపు గింజకి దిగుతుంది. అచ్చంగా చెప్పాలంటే సున్నా. దానికి ప్రతిగా ఫ్రీహోల్డర్‌కి ఒక ప్రీమియం కట్టాలి. ఆ ప్రీమియంలో రెండు భాగాలు ఎప్పుడూ ఉంటాయి: ఇక ముందు రాని గ్రౌండ్ రెంట్‌కి పరిహారం ఒకటి, 2107లో తన చేతికి రావలసిన ఫ్లాట్ ఇంకో 90 ఏళ్ళు వెనక్కి జరిగినందుకు పరిహారం ఇంకొకటి. మిగిలిన కాలం 80 ఏళ్ళు దాటి ఉంటే ఇంతే. 80కి దిగితే మూడో భాగం వచ్చి చేరుతుంది. దాన్ని మ్యారేజ్ వాల్యూ అంటారు. లీజు పొడిగించాక ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా, ఆ పెరిగిన లాభంలో సగం ఫ్రీహోల్డర్‌కి ఇవ్వాలి. మెల్లగా ఎక్కే మెట్లు కావివి, ఒక్క రోజు తేడాతో గోడలా లేస్తుంది.

మీ ఫ్లాట్ అంకెలతోనే చూద్దాం. ఆస్తి విలువ కట్టే సర్వేయర్ చేసే పని ఇంకా లోతుగా ఉంటుంది, నేను చేసేది చేత్తో వేసే లెక్క. కానీ ఎక్కడెక్కడ ఎంత పడుతుందో తెలియడానికి చాలు.

ముందు 2107 ముక్క. ఎనభై ఒక్క ఏళ్ళ తర్వాత చేతికొచ్చే 2,80,000 పౌండ్ల ఫ్లాట్‌కి ఇవాళ విలువ ఎంత? ఫ్లాట్లకి ఏడాదికి 5 శాతం చొప్పున వెనక్కి లెక్కగట్టాలని 2006లో స్పోర్టెల్లి కేసులో ల్యాండ్స్ ట్రిబ్యునల్ తేల్చింది, మామూలుగా ఇప్పటికీ ఆ రేటే నడుస్తోంది. ఆ లెక్కన సుమారు 5,290 పౌండ్లు. పొడిగించాక అదే ఫ్లాట్ ఫ్రీహోల్డర్ చేతికి వచ్చేది 171 ఏళ్ళకి. దాని ఇవాళ్టి విలువ 66 పౌండ్లు. తేడా 5,220.

రెండోది గ్రౌండ్ రెంట్. ఇప్పుడు 150. 2033లో 300, 2058లో 600, 2083లో 1,200. వీటన్నిటినీ 6 శాతం రేటుతో ఇవాళ్టి విలువకి తెస్తే సుమారు 5,060 పౌండ్లు. అసలు బాధంతా ఈ రెట్టింపు క్లాజు దగ్గరే ఉంది. ఏడాదికి 150 అని చిన్నగా కనిపించేది, రెండు బెడ్‌రూముల ఫ్లాట్ మొత్తం వెనక్కి తీసుకునే హక్కుతో దాదాపు సమానమైన ఖరీదు చేస్తోంది.

రెండూ కలిపితే 10,300 చుట్టూ. చట్టం ప్రకారం ఇవాళ వెళితే మీ ప్రీమియం ఈ చుట్టుపక్కల ఉంటుంది.

ఇప్పుడు మీరు ఏమీ చేయకుండా ఊరుకుని 2027 శరదృతువులో, లీజు 79న్నర ఏళ్ళకి దిగాక, పొడిగించమని చట్టప్రకారం నోటీసు ఇచ్చారనుకోండి. మొదటి రెండు భాగాలు కొంచెం పెరిగి 11,100 అవుతాయి. పైన మ్యారేజ్ వాల్యూ. లీజు తగ్గిన ఫ్లాట్ విలువ పూర్తి విలువలో 90 శాతం అనుకుందాం. ఆ 90 దగ్గరే సర్వేయర్లు వాదించుకుంటారు, అటూ ఇటూ కావచ్చు. అప్పుడు ఫ్రీహోల్డర్ వాటా ఇంకో 8,450. మొత్తం 19,500. ఫ్లాట్ అదే, చట్టం అదే. ఆలస్యం ఖరీదు 9,000 పౌండ్లకి పైన.

ఇక ఏజెంట్ ఉత్తరం. 10,300కి బదులు 8,500 అంటున్నాడు కాబట్టి చవక అనిపిస్తుంది. మీ ఫ్రెండ్ అందుకే సంతకం పెట్టమన్నారు. ఏం ఇస్తున్నాడో చూడండి. 90 ఏళ్ళు కలపడం లేదు, మొత్తం కాలాన్ని 125కి తెస్తున్నాడు. అంటే కలిసేది 44 ఏళ్ళ లోపే. గ్రౌండ్ రెంట్ గురించి ఉత్తరంలో "ప్రస్తుత లీజు నిబంధనల ప్రకారం కొనసాగుతుంది" అని ఒక్క వాక్యం ఉంది. 2022 జూన్ 30న అమల్లోకి వచ్చిన గ్రౌండ్ రెంట్ చట్టం ఇలాంటి ఒప్పందపు పొడిగింపుల్లో కొత్తగా కలిసిన కాలానికి అద్దె వేయనివ్వదు. పాత కాలానికి పాత అద్దె మాత్రం ఉంచుకోవచ్చు. కాబట్టి 2107 దాకా 300, 600, 1,200 మీరే, లేదా మీ దగ్గర కొన్నవాళ్ళే కడతారు. 5,060 విలువైన గ్రౌండ్ రెంట్‌ని ఆయన వదులుకోవడం లేదు. మిగిలింది 2107 ముక్క. దాన్ని 125 ఏళ్ళకి జరపడం ఇదే లెక్కలో సుమారు 4,660 పౌండ్లు. దానికి 8,500 అడుగుతున్నాడు. చట్టం కంటే 1,800 తక్కువ అడుగుతున్నట్టు కనిపిస్తూ, ఇచ్చేదానికి దాదాపు రెట్టింపు ధర అడుగుతున్నాడు.

రెట్టింపు అద్దె మిగిలిపోతే అమ్మేటప్పుడూ చిక్కే. గ్రౌండ్ రెంట్ ఇంటి విలువలో 0.1 శాతం దాటితే వెనకాడే లెండర్లు ఉన్నారు. మీ ఫ్లాట్‌కి ఆ హద్దు 280 పౌండ్లు. 2033లో 300 అవుతుంది. కొనేవాళ్ళ సొలిసిటర్ మొదట పట్టుకునేది దాన్నే.

ఆ ఉత్తరంలో ఇంకో మాట ఉంది, "లీజును ఆధునీకరిస్తాం" అని. వినడానికి మంచి మాటలాగే ఉంటుంది. ఒప్పందం మీద పొడిగిస్తే ఫ్రీహోల్డర్ కొత్త నిబంధనలు చేర్చవచ్చు: అద్దెకిచ్చిన ప్రతిసారీ అనుమతి ఫీజు, పేరు నమోదు ఫీజు, కార్పెట్ తీసి చెక్క ఫ్లోర్ వేసుకోవాలన్నా ఒక లైసెన్స్. మీరు హైదరాబాద్ వెళ్ళి ఫ్లాట్ అద్దెకివ్వబోతున్నారు కాబట్టి ముందుగా తగిలేది మీకే. చట్టం దారిలో కొత్త లీజు దాదాపుగా పాత నిబంధనల మీదే రావాలి. ఇష్టమొచ్చినట్టు చేర్చడానికి వీల్లేదు.

28 రోజుల గడువు చూసి టెన్షన్ పడకండి. అది ఆయన పెట్టుకున్న గడువు. చట్టం ఇచ్చిన హక్కుకి దాంతో సంబంధం లేదు. ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో "సబ్జెక్ట్ టు కాంట్రాక్ట్" అని కూడా ఉంది. మీరు ఒప్పుకున్నా, కాగితాలు పూర్తయ్యేదాకా ఆయన ఆ ధరకి కట్టుబడి లేడని దాని అర్థం.

ఆ మూడు మాటలు నాకు నేర్పిన పాఠం ఖరీదైనది కాబట్టి చెబుతాను. ఇప్పుడు రెడింగ్‌లో ఒక సొలిసిటర్స్ ఆఫీసులో లీజ్‌హోల్డ్ ఫైళ్ళు చూస్తున్నాను. 2013లో నేనూ మామూలు ఫ్లాట్ ఓనర్‌నే. లీజు 80 ఏళ్ళ 7 నెలలు ఉండగా ఫ్రీహోల్డర్ మనిషితో ఫోన్‌లో మాట్లాడాను. చాలా మర్యాదగా మాట్లాడాడు. 7,000 పౌండ్లకి ఈమెయిల్‌లో ఒప్పుకున్నాం. లాయర్‌ని పెడితే ఖర్చు దండగ అనుకున్నాను. "వచ్చే వారం పేపర్లు పంపుతాం" అన్నాడు. తర్వాత సెలవుల్లో ఉన్నాం అన్నాడు. తర్వాత ఫైలు వేరేవాళ్ళకి మారింది అన్నాడు. ఎనిమిదో నెలలో ఉత్తరం వచ్చింది: మీ లీజు 80 ఏళ్ళ కంటే తగ్గింది, మా వాల్యుయర్ ధర సవరించాడు, 13,500. కాకినాడలో స్థలం కోసం దాచిన డబ్బు దానికే పోయింది. ఆ మనిషి అబద్ధం ఆడాడని చట్టం దృష్టిలో అనలేను. ఆడాల్సిన అవసరమే లేదు, ఊరికే ఆలస్యం చేస్తే చాలు. ఈమెయిల్ ఒప్పందం గడియారాన్ని ఆపదు. ఆపేది ఒక్కటే, 1993 చట్టం కింద లీజు పొడిగించమని ఇచ్చే సెక్షన్ 42 నోటీసు. అది ఇచ్చిన రోజునే ప్రీమియం లెక్కకి తేదీ ఖాయమవుతుంది. ఆ తర్వాత బేరం ఏడాది సాగినా, ఈలోగా లీజు 80 కంటే దిగినా, మ్యారేజ్ వాల్యూ అడగడానికి లేదు. అందుకే చెబుతున్నాను, ఆ ఏజెంట్‌తో మాట్లాడితే మాట్లాడండి, కానీ నోటీసు ఇచ్చాకే మాట్లాడండి.

కొత్త చట్టం కోసం ఆగమన్న ఫ్రెండ్ మాట కొట్టిపారేసేది కాదు. 2024 మే 24న రాజముద్ర పడిన లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ యాక్ట్‌లో ఆ సంగతులన్నీ నిజంగానే ఉన్నాయి. 990 ఏళ్ళు, మ్యారేజ్ వాల్యూ రద్దు, లెక్కలో గ్రౌండ్ రెంట్‌కి ఇంటి విలువలో 0.1 శాతం పరిమితి, ఫ్రీహోల్డర్ ఖర్చులు చాలావరకు ఆయనే పెట్టుకోవడం. వీటి మీద పెద్ద ఫ్రీహోల్డర్లు కోర్టుకి వెళ్ళారు. 2025 అక్టోబర్‌లో హైకోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. అయినా ప్రీమియం తగ్గించే ఈ భాగాలు ఈ 2025 నవంబర్‌లో నేను రాసే నాటికి అమల్లోకి రాలేదు. వాడాల్సిన రేట్లు ప్రభుత్వం ఇంకా ప్రకటించలేదు. అమల్లోకి వచ్చింది వేరే భాగం: ఫ్లాట్ కొని రెండేళ్ళు ఆగితేనే నోటీసు ఇవ్వాలన్న పాత నియమం 2025 జనవరి 31న పోయింది. మీకు అది ఎలాగూ అడ్డం కాదు.

ఆగితే మీకు మిగిలేది ఎంతో చూడండి. మీరు 80కి పైనే ఉన్నారు కాబట్టి మ్యారేజ్ వాల్యూ రద్దు వల్ల ఇవాళ ఒక్క పౌండ్ కూడా కలిసిరాదు. గ్రౌండ్ రెంట్ పరిమితి వల్ల, రేట్లు ఇప్పటిలాగే ఉంటే, సుమారు 1,200. ఫ్రీహోల్డర్ ఖర్చులు ఇంకో 1,500, 2,000 తప్పవచ్చు. 990 ఏళ్ళా, 171 ఏళ్ళా అన్నది చెవికి పెద్ద తేడాగా వినిపిస్తుంది కానీ, 171 ఏళ్ళ తర్వాతి ఫ్లాట్ ఇవాళ 66 పౌండ్లేనని పైన చూశాం. కాబట్టి ఆగితే మూడు వేలు మిగలొచ్చు. ఆగి, 2027 మార్చికి ఆ భాగాలు అమల్లోకి రాకపోతే తొమ్మిది వేలు పోతాయి. లీజు 60ల్లోకో 70ల్లోకో ఎప్పుడో దిగిపోయి, అమ్మే తొందర లేనివాళ్ళకి ఆగమని నేనే చెబుతాను. వాళ్ళ ప్రీమియంలో పెద్ద ముక్క మ్యారేజ్ వాల్యూయే. అది పోతే బోలెడు కలిసొస్తుంది. మీ లెక్క వేరు. మీరు దేశం వదిలి వెళ్ళేలోపు ఇది చేతిలోంచి అయిపోవాలి.

నా సలహా, వచ్చే రెండు మూడు నెలల్లో నోటీసు ఇచ్చేయండి. ఏ కారణం వల్ల ఆలస్యమైనా 2026 సెప్టెంబర్ దాటనివ్వకండి. 2027 మార్చి దాకా లాగితే ఏమవుతుందంటే, నోటీసులో ఒక తప్పు దొరికి అది చెల్లదని తేలితే, మళ్ళీ ఇవ్వడానికి టైము ఉండదు. ఆఖరి రోజు 24వ తేదీనా, 23వ తేదీనా అని వాదించుకునే అంచుకి అసలు వెళ్ళొద్దు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి అంటే, ముందు లీజ్ అనే సంస్థ, లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్. ప్రభుత్వ నిధులతో నడుస్తుంది, సలహా ఉచితం, వెబ్‌సైట్‌లో ఒక కాలిక్యులేటర్ కూడా ఉంది. ఆ తర్వాత ఈ పనే చేసే సర్వేయర్. రిక్స్ అనే సర్వేయర్ల వృత్తి సంస్థలో సభ్యుడై ఉండాలి, లీజు పొడిగింపులు రోజూ చేస్తున్నవాడై ఉండాలి. ఇల్లు కొన్నప్పుడు సర్వే చేసిన ఆయన ఈ పనికి సరిపోకపోవచ్చు. సొలిసిటర్ విషయంలోనూ అంతే. అలెప్ అని ఈ రంగం సర్వేయర్ల, లాయర్ల సంఘం ఒకటి ఉంది, అక్కడి జాబితాలో వెతకండి. "తెలిసినాయన ఉన్నాడు, ఇమిగ్రేషన్ పనులు బాగా చేస్తాడు" అని మన గ్రూపుల్లో చెబితే, వీసాకి ఆయన దగ్గరికి వెళ్ళండి, దీనికి వద్దు.

నోటీసు ఎవరికివ్వాలో గ్రౌండ్ రెంట్ డిమాండ్ కాగితం మీద చూడండి, ఫ్రీహోల్డర్ పేరు, చిరునామా దాని మీద ఉండాలని చట్టం. ఉత్తరం రాసిన ఏజెంట్ పేరు చూసి ఆయనే ఓనర్ అనుకోవద్దు. ప్రభుత్వ సైట్‌లో 7 పౌండ్లకి ఫ్రీహోల్డ్ టైటిల్ రిజిస్టర్ కూడా తీసుకోండి. అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు అదే కాగితానికి మూడు నాలుగింతలు లాగుతాయి. మీకూ ఫ్రీహోల్డర్‌కీ మధ్యలో ఇంకొకరి పేరు మీద పెద్ద లీజు (హెడ్ లీజు) ఉంటే నోటీసు వెళ్ళాల్సిన మనిషి మారిపోతాడు. మీ సొలిసిటర్ మొదట తేల్చాల్సింది ఇదే. నోటీసులో మీ ఇద్దరి పేర్లూ ఉండాలి. ఒకరి పేరు వదిలేసి చెల్లకుండా పోయిన నోటీసులు నా కళ్ళారా చూశాను.

నోటీసులో మీరు ఒక ధర ప్రతిపాదించాలి. బేరం కాబట్టి కొంచెం తక్కువ నుంచి మొదలుపెట్టవచ్చు కానీ, నిజంగా నమ్మదగిన అంకె అయి ఉండాలి. నూరు పౌండ్లు అని రాస్తే నోటీసే పోతుంది. ఫ్రీహోల్డర్‌కి జవాబు నోటీసుకి కనీసం రెండు నెలలు ఇవ్వాలి. ఆయన డిపాజిట్ అడగవచ్చు: మీరు ప్రతిపాదించిన ధరలో 10 శాతం లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది. జవాబు నోటీసులో ఆయన ధర మీ ధర కంటే చాలా ఎక్కువే ఉంటుంది. కంగారు పడకండి. ఇద్దరి సర్వేయర్లూ ఫోన్‌లో మాట్లాడుకుంటే చాలా కేసులు అక్కడే తేలిపోతాయి. తేలకపోతే ఇలాంటి ఆస్తి తగాదాలు తేల్చే ఫస్ట్-టైర్ ట్రిబ్యునల్. అక్కడ మాత్రం ఒక తేదీ ప్రాణంతో సమానం: జవాబు నోటీసు వచ్చిన రెండు నెలల తర్వాత, ఆరు నెలల లోపు దరఖాస్తు పెట్టాలి. బేరం దాదాపు కుదిరినట్టే ఉన్నా పెట్టాలి. ఆరు నెలలు దాటితే మీ నోటీసు మీరే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. మళ్ళీ ఇవ్వడానికి 12 నెలలు ఆగాలి, అప్పటికి మీరు 80 కింద ఉంటారు. "రేపో మాపో కుదిరిపోతుంది" అని మాటలతో ఆరో నెల దాటించే ప్రయత్నాలు జరుగుతాయి. మీ సొలిసిటర్‌ని ఆ తేదీ రాతపూర్వకంగా అడిగి దగ్గర పెట్టుకోండి.

నోటీసు ఇచ్చిన వెంటనే దాన్ని ఫ్రీహోల్డ్ టైటిల్ మీద ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు చేయించమనండి. మధ్యలో ఫ్రీహోల్డ్ వేరేవాళ్ళకి అమ్ముడైనా మీ నోటీసు నిలుస్తుంది.

ఖర్చులు. ఇవాళ్టి నియమం ప్రకారం ఫ్రీహోల్డర్ సొలిసిటర్, వాల్యుయర్ల సమంజసమైన ఖర్చు కూడా మీరే భరించాలి. అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, కానీ ఇంకా అలాగే ఉంది. ట్రిబ్యునల్‌లో వాదించినందుకు ఆయనకైన ఖర్చు మాత్రం మీది కాదు. మీ ఇద్దరు నిపుణులు, ఆయన ఇద్దరు నిపుణులు, వ్యాట్ అన్నీ కలిపి ప్రీమియం కాకుండా ఇంకో నాలుగైదు వేలు పక్కన పెట్టుకోండి. చేతిలో లేకపోతే మార్ట్‌గేజ్ లెండర్‌ని అదనపు లోన్ అడగవచ్చు, దీనికి చాలామంది ఇస్తారు. ఎలాగైనా లెండర్‌కి ముందే చెప్పాలి, పాత లీజు పోయి కొత్త లీజు వస్తుంది కాబట్టి తాకట్టు దాని మీదికి మారాలి.

మీ బ్లాక్‌లో కనీసం సగం ఫ్లాట్ల వాళ్ళు కలిస్తే ఫ్రీహోల్డే కొనేయవచ్చు. అది అన్నిటికంటే మంచి దారి, నేను ఒప్పుకుంటాను. కానీ 40 ఫ్లాట్ల బ్లాక్‌లో సగం మంది అద్దెకిచ్చి ఎక్కడెక్కడో ఉంటారు. అందరినీ కూడగట్టడానికి 16 నెలలు సరిపోవు. ఇప్పుడు లీజు పొడిగించుకున్నా, తర్వాత ఆ పనిలో చేరడానికి అడ్డేమీ లేదు.

చివరిగా హైదరాబాద్ వెళ్ళే సంగతి. పని మధ్యలో ఉండగా వెళ్ళాల్సి వచ్చినా ఆగిపోదు. ఒకప్పుడు సెక్షన్ 42 నోటీసు మీద ఓనరే స్వయంగా సంతకం పెట్టాలి. 2014లో చట్టం మార్చారు, ఇప్పుడు సొలిసిటర్ మీ తరఫున పెట్టవచ్చు. కొత్త లీజు మీద మాత్రం మీ ఇద్దరి సంతకాలు, పక్కనే కూర్చుని చూసిన సాక్షి సంతకం కావాలి. ఒకరి సంతకానికి మరొకరు సాక్షిగా ఉండకండి. బంధువులు కాని పక్కింటివాళ్ళో ఆఫీసు కొలీగో అయితే ఏ పేచీ ఉండదు. కాగితాలు కొరియర్‌లో తిరగడం, ఇండియా నుంచి ఐడీ వెరిఫికేషన్ అవడం మాత్రం సహనాన్ని పరీక్షిస్తాయి. అందుకే ఇక్కడ ఉండగానే ముగించమంటున్నాను.

వెళ్ళేముందు ల్యాండ్ రిజిస్ట్రీలో మీ చిరునామా మార్చండి. ఒక టైటిల్‌కి మూడు చిరునామాలు ఇవ్వవచ్చు, అందులో ఒకటి ఈమెయిల్ కావచ్చు, హైదరాబాద్ అడ్రస్ కూడా కావచ్చు. ఇది చేయకపోతే ఫ్రీహోల్డర్ నోటీసులు, ల్యాండ్ రిజిస్ట్రీ హెచ్చరికలు మీ కిరాయిదారు గుమ్మంలో పిజ్జా కరపత్రాల మధ్య పడి ఉంటాయి.

ఆ ఏజెంట్‌కి ఇప్పుడు ఒక్క వాక్యం రాస్తే చాలు: "మీ ఉత్తరం అందింది, సలహా తీసుకుంటున్నాం." ధర గురించి ఒక్క అంకె కూడా రాయకండి. ఫోన్ చేస్తే ఈమెయిల్ పెట్టమనండి. ఆ తర్వాత మీ లీజులో అద్దెకివ్వడం గురించి ఉన్న పేజీ, గ్రౌండ్ రెంట్ షెడ్యూల్ ఉన్న పేజీ, పేర్లు చెరిపి ఇక్కడ పెట్టండి. రెట్టింపు నిజంగా 2033లోనే మొదలవుతుందా, లేక 2010 నుంచి 25 ఏళ్ళకా అన్నది ఆ షెడ్యూల్ చూస్తే గానీ తెలియదు. సర్వేయర్ దగ్గరికి వెళ్ళేముందే అది తేలిపోతే ఆయన మొదటి ప్రశ్నకి మీ దగ్గర జవాబు ఉంటుంది.